తొమ్మిదిన్నర వేలిముద్రకు ముందు ఒక గాలం

జూన్ 10, మంగళవారం

రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాయడం నా ఉద్యోగం. ఉదయం తొమ్మిదిన్నరకల్లా వేలిముద్ర పడాలి. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే అరపూట సెలవు దానంతట అదే కోతపడుతుంది. ఇంటి నుంచి ధవళేశ్వరం స్కూటరు మీద ఇరవై అయిదు నిమిషాల దూరం. గోదావరిని, దాని కాలువలను ఇంత దగ్గర పెట్టుకుని పోయిన ఏడాది మొత్తంలో నేను గాలం వేసింది నాలుగే నాలుగు సార్లు. ఎవరడిగినా తీరిక లేదనేవాణ్ని.

వేసవిలో కాలువలు కట్టేసి ఉంటాయి కాబట్టి ఆ జవాబుకు పరీక్ష రాలేదు. జూన్ మొదట్లో నీళ్లు వదిలారు. తీరిక నిజంగా లేదా, నేనే సాకు చెబుతున్నానా తేల్చుకుందామని ఇవాళ ఆఫీసుకు ముందే కాలువకు వెళ్లాను. చేతి అలవాటు కొద్దీ ప్రతి పనికీ పట్టిన సమయం రాసుకున్నాను.

లేచింది 5:00. గాలం నీళ్లలో పడింది 6:52. మధ్యలో పోయిన 112 నిమిషాల పద్దు ఇది: వానపాముల కోసం పెరట్లో తవ్వకం 30. పన్నెండడుగుల వెదురు గడను స్కూటరుకు కట్టడం, సందు మలుపులో దిగి దాన్ని తిప్పుకోవడం, నడక కంటే కాస్త వేగంగా ప్రయాణం 34. చిక్కుపడిన దారం విప్పి కొక్కెం కట్టడం 24. టీ, పెట్రోలు 14. కూర్చునే చోటు వెతకడం 10. ఏడూ నలభైకి మళ్లీ సర్దుకోవాలి. అంటే చేపకు నేనిచ్చిన గడువు 48 నిమిషాలు. అది వాడుకోలేదు.

ఇన్నాళ్లూ లోటు సెలవుల పద్దులో ఉందనుకున్నాను. లోటంతా ఈ 112లో ఉంది. సెలవు పెట్టి రోజంతా కూర్చున్నా ఇది ఇలాగే ఉంటుంది, కాకపోతే కనిపించదు. కాబట్టి ఈ సీజను పని ఒక్కటే: 112ను 45కు తేవడం. రోజులు మంగళ, శుక్రవారాలు. సోమవారం సమావేశం ఉంటుంది. బుధ, గురువారాలు మా అమ్మాయిని ట్యూషనుకు దింపాలి. ఆదివారం కాలువ గట్టు మీద బట్టలు ఉతికేవాళ్లు, గేదెలు, ఈత నేర్చుకునే పిల్లలు అందరూ ఉంటారు, చేపలు తప్ప.

జూన్ 15, ఆదివారం

గడను మూడు ముక్కలు చేశాను. నాలుగేళ్లుగా చేతిలో మెలిగిన వెదురు అది. రంపం పెట్టడానికి కాసేపు మనసు ఒప్పలేదు. కణుపుకు బెత్తెడు పైన కోస్తే చివర చీలదని వెదురు బుట్టలు అల్లే ఆయన చెప్పాడు, అలాగే కోశాను. నడిమి ముక్క కాస్త వంకర. గ్యాసు మంట మీద తిప్పుతూ వేడిచేసి, తడిగుడ్డతో పట్టుకుని వంచితే తిన్నగా వచ్చింది. వంటింట్లో కాలిన వెదురు వాసన రాత్రి దాకా పోలేదు. మా ఆవిడ ఏమీ అనలేదు, కిటికీలన్నీ తెరిచింది.

అతుకులకు కరెంటు తీగలు వేసే పీవీసీ గొట్టం ఆరంగుళాల ముక్కలు రెండు వాడాను. మూడు ముక్కలూ పట్టేలా మూడంగుళాల లావు నీళ్ల పైపు ఒకటి, దానికి రెండు వైపులా మూతలు. ఆ పైపును స్కూటరు పక్కన పాత సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించాను. చూసినవాళ్లు ప్లంబరు అనుకుంటారు. మంచిదే.

జూన్ 20, శుక్రవారం

కొత్త గడను తీరికగా పరీక్షిద్దామని అరపూట సెలవు పెట్టాను. కారణం గడిలో ‘పంటినొప్పి’ అని రాశాను.

ఎనిమిది గంటల ప్రాంతంలో నీళ్ల మీద తేలే బెండు ఒక్కసారి మునిగింది. లాగాను. గడ వంగింది. పై అతుకు దగ్గర పీవీసీ గొట్టం నిలువునా చీలి, చివరి ముక్క దారంతో సహా కాలువలో పడి కొట్టుకుపోయింది. దిగువన ఈదుతున్న ఇద్దరు కుర్రాళ్లు పట్టి తెచ్చారు, తలో పది రూపాయలు తీసుకున్నారు. చేప ఏదో కూడా చూడలేదు.

మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లేసరికి ఒక సహోద్యోగి గృహప్రవేశం చేసుకున్న సందర్భంగా ఆత్రేయపురం పూతరేకులు పంచుతున్నారు. “మీకు పన్ను కదండీ, వద్దులెండి” అని ఆయనే నా వాటా పక్కన పెట్టారు. పూతరేకుకు పళ్లతో పనేమిటని అడగలేకపోయాను. సాయంత్రానికి ముగ్గురు సహోద్యోగులు ముగ్గురు దంతవైద్యుల నంబర్లు పంపారు. అటెండరు వేడినీళ్లలో ఉప్పు కలిపి తెచ్చి, పుక్కిలించే దాకా పక్కనే నిలబడ్డాడు. అబద్ధానికి ఇంత నిర్వహణ ఖర్చు ఉంటుందని నాకు తెలియదు. దీన్ని ఇంకోసారి వాడేది లేదు.

జూన్ 29, ఆదివారం

అతుకుల సంగతి తేలింది. పై అతుకుకు విరిగిన గొడుగు కాడ, సన్నగా, తేలిగ్గా ఉండే ఉక్కు గొట్టం. కింది అతుకు లావుది కాబట్టి పాత సైకిల్ పంపు గొట్టం కోసి వాడాను. ప్రతి గొట్టాన్నీ ఒక ముక్కకు అరాల్డైటుతో శాశ్వతంగా అతికించాను. రెండో ముక్క చివర నూలుదారం దగ్గర దగ్గరగా చుట్టి, దాని మీద కొవ్వొత్తి రుద్దితే గొట్టంలోకి బిగుతుగా దిగుతుంది, తిప్పి లాగితే వస్తుంది. బకెట్టులో రెండు లీటర్ల నీళ్లు పోసి గడ చివర తగిలించి ఎత్తి చూశాను. నిలిచింది.

దారం చిక్కు సమస్యకు గడువు తీరిన ఏటీఎం కార్డులు మందు. ఒక్కో కార్డుకు రెండు పక్కలా కత్తెరతో గాటు పెట్టి, కొక్కెం, సీసం గుండు కట్టి సిద్ధం చేసిన దారం దాని మీద చుట్టేశాను. కొక్కెం మొన గుచ్చడానికి కార్డు వెనుక హవాయి చెప్పు ముక్క ఒకటి అంటించాను. ఇలాంటివి ఎనిమిది. కాలువ దగ్గర కార్డు తీసి గడ చివరి ముడికి తగిలించడమే పని. ఇంట్లో గడియారం పెట్టి చేసి చూస్తే 24 నిమిషాల పద్దు నాలుగుకు దిగింది.

మిగిలిన చెప్పుతో బెండ్లు చేశాను. బ్లేడుతో వంకాయ తొడిమంత ముక్కలు కోసి, మధ్యలో చీపురుపుల్ల దూర్చి, పైభాగానికి మా అమ్మాయి గోళ్ల రంగు పూశాను. జీలుగు బెండు ఇంతకంటే తేలిక, చిన్న చేప ముట్టుకున్నా చెబుతుంది. కానీ రెండు వానలకు నీరు పీల్చి బరువెక్కుతుంది. చెప్పుకు ఆ బాధ లేదు.

జూలై 6, ఆదివారం

వానపాముల తవ్వకానికి 30 నిమిషాలు. పద్దులో ప్రయాణం తరువాత ఇదే పెద్దది.

కడియం నర్సరీలకు వెళ్లి ఒక బస్తా వర్మీకంపోస్టు కొన్నాను. ఎరువు కోసమే అడిగినట్టు అడిగి, పాములు ఎక్కువగా ఉన్న బస్తా ఏరుకున్నాను. ఇరవై లీటర్ల రంగు డబ్బాకు పక్కల సన్న రంధ్రాలు చేసి, అడుగున కొబ్బరి పీచు, పైన ఎరువు, ఆపైన తడి గోనెపట్టా వేశాను. కూరగాయల తొక్కలు మేత. నిమ్మ, ఉల్లి తొక్కలు మాత్రం వేయకూడదు. చీమలు ఎక్కకుండా డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టాలి.

ఇది రెండో విడత. మొదటి విడత పోయిన వారమే పోయింది. మా బాల్కనీ పడమటి ముఖం, సాయంత్రం ఎండకు డబ్బా కాగిపోయింది. ఆ వాసన గురించి పక్క వాటా వాళ్లు మా ఆవిడను అడిగారు, ఆవిడ నా వైపు చూపించింది. ఇప్పుడు డబ్బా మెట్ల కింద నీడలో ఉంది. “అది ఇంట్లోకి గాని, తులసికోట దరిదాపులకు గాని రాకూడదు” అన్నది ఆవిడ పెట్టిన ఒకే షరతు. రావలసిన అవసరం కూడా లేదు. ముందు రాత్రి గుప్పెడు తీసి మట్టితో సహా టిఫిను గిన్నెలో పెట్టుకుంటే తెల్లారి పద్దు సున్నా. ఆ గిన్నెకు మూత మీద ఎర్ర రంగు వేశాను. ఎందుకో చెప్పనక్కరలేదు.

జూలై 11, శుక్రవారం

61 నిమిషాలు. మొదటి చేపలు.

చోటు వెతికే పది నిమిషాలు ఒక పెద్దాయన పుణ్యమా అని తగ్గాయి. నీటిపారుదల శాఖలో లస్కరుగా, అంటే కాలువ నీళ్లు, షట్టర్లు చూసుకునే పనిలో చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. తుమ్మ కర్ర, నాలుగు మూరల దారం, అంతే ఆయన సరంజామా. నేను పారే నీళ్లలో గాలం వేయడం మూడు వారాలుగా చూస్తున్నాడట. ఇవాళ ఉండబట్టలేక పిలిచాడు.

“బాబూ, చేప మీలాగే ఉద్యోగానికి పోయేదా? పొద్దున్నే అంత వేగంలో ఎదురీదడానికి దానికేం పని? లాకు గోడ పక్కన, నీళ్లు వెనక్కి తిరిగే చోట వేయండి.”

వేశాను. పావుగంటలో రెండు జెల్లలు, ఒక పరిగ.

ఆ గోడ గురించి ఒక మాట. కాటన్ దొర ఇక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టింది 1847లో, ముగిసింది 1852లో. ఇప్పుడు మనం చూసే 175 గేట్ల బ్యారేజీ ఆ తరువాత కట్టింది. లాకులు మాత్రం పడవల కోసం పుట్టాయి: పడవను గదిలోకి రానిచ్చి, తలుపులు మూసి, నీటి మట్టం మార్చి అవతలికి వదిలేవారు. సరుకు పడవలు పోయాయి. గోడల పక్కన నీరు ఆగి, తిరిగి, తీరిక చేసుకునే మూలలు మిగిలాయి. చేపలకు కావలసింది అవే.

పెద్దాయన సలహాకు రుసుము ఉంది. నా గిన్నె మూత తీసి, “ఎర్రలు బాగున్నాయండీ” అంటూ సగం తన కొబ్బరి చిప్పలో పోసుకున్నాడు. ఇక్కడ వానపాములను ఎర్రలంటారు. రాబోయే వారాల్లో కూడా ఈ సుంకం ఉంటుందని ఆ చిప్ప సైజు చూస్తే అర్థమైంది. స్కూటరు స్టాండు గట్టు మీద దభీమని వేయవద్దని కూడా చెప్పాడు, ఆ చప్పుడు నేలగుండా నీళ్లకు పోతుందట. ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో మర్యాద కాస్త తగ్గింది.

జూలై 22, మంగళవారం

జెల్లకు వీపు మీద ఒకటి, చెంపలకు చెరొకటి ముళ్లుంటాయి. కొక్కెం తీసేటప్పుడు వెనుక నుంచి అరచేత్తో అణిచి, ముళ్లు వేళ్ల సందుల్లోకి వచ్చేలా పట్టుకోవాలి. నాకు తెలుసు. గడియారం చూస్తూ పట్టుకున్నాను. కుడి బొటనవేలిలో దిగింది.

మంట అరగంటలో భుజం దాకా పాకింది. ఇంటికి వచ్చి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో వేలు ముంచితే నొప్పి తగ్గింది. వాపు తగ్గలేదు. 9:24కు ఆఫీసు యంత్రం మీద ఆ వేలు పెట్టాను. గుర్తుపట్టలేదు. తుడిచి పెట్టాను. ఊది పెట్టాను. నా వెనుక వరుస పెరిగింది. 9:41కు పరిపాలన విభాగం వాళ్లు చేతిరాత పుస్తకం తెరిచారు. సమయానికి వచ్చినా ఆలస్యం పడిన ఏకైక ఉద్యోగి నేనే.

దిద్దుబాటు: ఎడమ చేతి చూపుడువేలిని కూడా నమోదు చేయించాను. పనిలో పనిగా చిన్న పట్టకారు ఒకటి కొని పైపు మూతకు కట్టాను. మా ఇంటి ఆర్థిక శాఖ వారు చూడకపోతే దీన్ని మూలధన వ్యయం కింద రాసుకుంటాను.

ఆగస్టు 5, మంగళవారం

52 నిమిషాలు. వానల్లో వెదురు ఉబ్బి కింది అతుకు ఇరుక్కుపోయింది, తీయడానికి ఇద్దరం రెండు వైపులా లాగాల్సి వచ్చింది. ఆ చివరను గాజుపెంకుతో వెంట్రుకవాసి గీకి, మళ్లీ కొవ్వొత్తి రుద్దాను. లోపం అతుకులో ఉందనుకున్నాను గాని, తడి గడను అలాగే పైపులో మూతపెట్టడం అసలు తప్పు. ఇప్పుడు ఇంటికి రాగానే విప్పి ఫ్యాను కింద ఆరబెడుతున్నాను.

ఇవాళ కిలో పైచిలుకు మోసు చేప ఒకటి ఒడ్డు దాకా వచ్చింది. చేత్తో అందుకోబోతే ఒక్క గుంజు గుంజి పోయింది. కాబట్టి జల్లెడ వల కావాలి. మా అమ్మాయి తీగలు తెగిన బ్యాడ్మింటన్ రాకెట్ చట్రానికి ఉల్లిపాయల సంచి కుట్టాను. కొలత సరిపోయింది. దీన్ని చూసి మొట్టమొదటిసారి ఇంట్లో వాళ్లు మెచ్చుకున్నారు.

ఇంకో చిక్కు. శ్రావణం వచ్చింది. ఈ నెల మా ఇంట్లో నీచు వండరు. పట్టినవి ఏం చేయాలి? లాకుల దగ్గర టీ కొట్టు ఆవిడకు ఇచ్చేస్తున్నాను. బదులుగా ఫ్లాస్కులో టీ ముందే పోసి ఉంచుతుంది, నేను ఆగకుండా చేయి చాచి అందుకుని వెళతాను. టీ పద్దులో ఆరు నిమిషాలు ఆదా. శ్రావణం అయిపోయాక ఈ ఒప్పందం ఏమవుతుందో చూడాలి.

ఆగస్టు 22, శుక్రవారం

నది ఎర్రబడింది. నిన్న ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఎగరేశారు. 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఎగువనున్న భద్రాచలం దగ్గరి మట్టం అంకెలు ఫోనులో చూసుకుని రేపటి సంగతి అంచనా వేసుకోవడం ఇక్కడ ఇంటింటా జరిగేదే. ఇలాంటప్పుడు గట్టు మీదికి గాలం పట్టుకుని వెళ్లేవాడు మూర్ఖుడు. కాళ్ల కింద మట్టి ఎప్పుడు జారుతుందో తెలియదు. వెళ్లలేదు.

ఆఫీసులో మాత్రం ఎర్రనీరు అనగానే అందరికీ నేను గుర్తొస్తాను. “పులస పడిందా?” ఈ వారంలో ఆరోసారి. సముద్రంలో విలస, గోదావరి ఎదురెక్కాక పులస. పుస్తెలమ్మి అయినా తినాలని సామెత కట్టించుకున్న చేప. అది నీళ్లలోని సన్న నలకల్లాంటి మేత వడగట్టుకుని తింటుంది, నా వానపాము దానికి కనిపించను కూడా కనిపించదు. పడవల మీద వలలు వేసేవాళ్ల అదృష్టం అది. ఇది ఆరుసార్లూ వివరించాను. ఏడోసారికి “పడింది, అమ్మేశాను” అని చెబుతాను.

ఖాళీ పొద్దులు పిండి ఎర మీద పెట్టాను. పారే నీళ్లలో ముద్ద విడిపోకుండా ఉండాలి. అదే సమయంలో కాస్త కాస్త కరిగి వాసన వదలాలి. తవుడు రెండు వంతులు, వేయించి దంచిన వేరుశనగ చెక్క ఒకటి, గోధుమపిండి ఒకటి, వేడినీళ్లతో కలిపి ఉసిరికాయంత ముద్దలు. బకెట్టులో చేత్తో నీళ్లు తిప్పుతూ గడియారం పెట్టాను. పచ్చిముద్ద మూడు నిమిషాల్లో చెదిరింది. ఇడ్లీపాత్రలో పది నిమిషాలు ఆవిరి పట్టింది పద్నాలుగు నిమిషాలు నిలిచింది. ఇరవై నిమిషాలు పట్టింది రబ్బరు బంతి అయింది, కొక్కెం దిగలేదు. పదే సరైనది. పాత ఇడ్లీపళ్లేల జత ఒకటి నా పేరు మీదికి శాశ్వతంగా బదిలీ అయింది, ఇక ఇడ్లీకి పనికిరావని ఆవిడ తేల్చేసింది. వేయించిన చెక్క వాసనకు పక్క వాటా పిల్లవాడు గిన్నె పట్టుకుని వచ్చాడు. మిగతా కుటుంబానికి విషయం చెప్పకుండా వాడికి బిస్కెట్టు ఇచ్చి పంపాం.

సెప్టెంబరు 2, మంగళవారం

నీళ్లు ఇంకా బురదగానే ఉన్నాయి గాని వేగం తగ్గింది. 46 నిమిషాలకు గాలం పడింది. పిండి ముద్ద అడుగుకు దించాను, మోసు నేల మీద మేసే చేప కాబట్టి. 7:21కు బెండు మునగలేదు, పక్కకు నడిచింది. జెల్ల అయితే గుంజుతుంది, పరిగ అయితే చిన్న చిన్న పోట్లు పొడుస్తుంది. ఇలా నింపాదిగా నడిచిందంటే బరువున్న చేప. గొడుగు కాడ అతుకు కిర్రుమంది, నిలిచింది. రాకెట్ వలలోకి తలవైపు నుంచి తీసుకున్నాను. కిలో నాలుగు వందల గ్రాముల మోసు.

పెద్దాయన తిరిగి చూడలేదు. “పిండి ఏం కలిపారు?” అని మాత్రం అడిగాడు. చెప్పాను. “బెల్లం వేయలేదా?” అన్నాడు. వేయలేదు. “అదీ,” అన్నాడు. అదీ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియలేదు.

శ్రావణం అయిపోయింది. చేప ఇంటికి వచ్చింది. 8:10కి శుభ్రం చేయడం ఎవరి పని అన్న చర్చకు ఏడు నిమిషాలు పట్టింది. చింతపండు పులుసు సాయంత్రం. ఫ్రిజ్‌లో పెట్టే ముందు పొలుసు గీకి, పేగులు తీసి, ఉప్పు పసుపు రాయడం నాకు పదకొండు నిమిషాల పని. దీనికి తిరుగు ప్రయాణం పద్దులో చోటు లేదు, కల్పించాలి.

సెప్టెంబరు 8, సోమవారం

శుక్రవారాలు అరగంట వెసులుబాటు అడుగుదామని మేనేజరు గారి గదిలోకి వెళ్లాను.

“శుక్రవారాలు పదింటికి వచ్చి, సాయంత్రం అరగంట ఎక్కువ ఉంటాను సార్.”

“ఎందుకండీ?”

“గాలం వేయడానికి సార్.”

ఆయన కళ్లజోడు తీశారు. “నేనింకా ఆ పన్ను సంగతేమో అనుకుంటున్నాను. వాపు కూడా వచ్చిందన్నారు.”

వాపు వచ్చింది వేలికండీ అని చెప్పి ఉండవలసింది కాదు. మొత్తం కథ అడిగారు. చెప్పాను. క్యాలెండరు తిప్పి, ప్రతి నెలా చివరి రెండు శుక్రవారాలు కొట్టేసి, మొదటి రెండూ ఉంచారు. “ఆ రోజుల్లో కూడా పదీ ఒకటి అయితే నన్ను అడగవద్దు” అన్నారు. జూన్‌లోనే అడిగి ఉంటే రెండు పూతరేకులు మిగిలేవి.

కొత్త తలనొప్పి ఏమిటంటే, ఇప్పుడు విషయం అందరికీ తెలుసు. అయిదుగురు చేపలు కావాలన్నారు. ఇద్దరు శుభ్రం చేసి కావాలన్నారు. ఒకరికి కొర్రమీను మాత్రమే కావాలి.

సెప్టెంబరు 19, శుక్రవారం

37 నిమిషాలు. లేవడం 5:15, గాలం నీళ్లలో 5:52. అప్పుడే తెల్లారుతోంది. పైపు ముందు రాత్రే స్కూటరుకు కట్టి ఉంది, గిన్నె తలుపు దగ్గర, కార్డు చొక్కా జేబులో, టీ చేతికి అందింది. 37లో 26 ప్రయాణమే. దానిని తగ్గించాలంటే ఇల్లు మారాలి.

ఎవరైనా ఈ పద్ధతి అనుసరించదలిస్తే రెండు జాగ్రత్తలు. తలపైన కరెంటు తీగలున్న చోట పొడవు గడ ఎత్తవద్దు. తడి వెదురును నమ్మలేం, కార్బన్ గడలైతే అసలే నమ్మకూడదు. రెండు, ఊరి చెరువులు చాలాచోట్ల పాట పాడుకున్నవాళ్లవో మత్స్యకార సంఘాలవో అయి ఉంటాయి. అక్కడ అడగకుండా గాలం వేస్తే దొంగతనమే. నేను ఒకసారి అలా పొరపాటున కూర్చుని, ఒక పెద్దమనిషి చేత మర్యాదగానే అయినా గట్టిగా లేపించుకున్నాను.

సెప్టెంబరు 30, మంగళవారం

అర్ధ సంవత్సరం ముగింపు లెక్కలు. పది రోజులుగా కాలువ ముఖం చూడలేదు. రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వచ్చి మెట్ల కింద డబ్బా తెరిస్తే పాములు రెట్టింపయ్యాయి. వాటికి దసరా.

ఊరికే ఉండలేక నా లెక్క కూడా ముగించాను. ఇప్పటిదాకా వెళ్లింది 19 సార్లు. ఖాళీ చేతులతో వచ్చింది 8 సార్లు. మొత్తం చేపలు తొమ్మిది కిలోల మూడు వందల యాభై గ్రాములు, ఇందులో టీ కొట్టుకు పోయింది రెండున్నర. ఖర్చు, పెట్రోలు కలపకుండా, 1,870 రూపాయలు. కిలోకు సరిగ్గా రెండు వందలు పడింది. బజారులో బొచ్చె కొన్నా దాదాపు ఇంతే అని మా ఆవిడ పద్దు చివర పెన్సిలుతో రాసింది. కొట్టేయలేదు. లెక్క సరిగ్గానే ఉంది.

అక్టోబరు 10, శుక్రవారం

నెలలో రెండో శుక్రవారం, అంటే పదింటి దాకా అనుమతి ఉంది. కింది అతుకు దారం కొత్తగా చుట్టాను. పిండిలో ఈసారి బెల్లం కూడా వేశాను. 36 నిమిషాలు, ఈ సీజనులో ఇదే తక్కువ.

గంటా నలభై నిమిషాలు కూర్చున్నాను. బెండు కదలలేదు. ఎర మార్చాను, లోతు మార్చాను, గోడకు అటు పక్కకు మారాను. పెద్దాయన గాలం వేయకుండా గట్టు మీద బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. చివరికి నేనే అడిగాను.

“రాత్రి షట్టర్లు దించారు బాబూ. నీళ్లు అడుగున్నర తగ్గాయి, గోడ మీద తడి గీత చూడండి. ఇవాళ ముట్టవు.”

“నేను వచ్చినప్పుడే చెప్పవచ్చు కదండీ?”

“చెబితే ఎర్రలు పట్టుకుని అటు నుంచి అటే వెళ్లిపోతారు కదా” అని కొబ్బరి చిప్ప ముందుకు జరిపాడు.

పోశాను. ఏడున్నరకు గడ విప్పి పైపులో పెట్టాను. వేలిముద్ర 9:12.